మూడు సిరివాకల బొడ్రాయి

మూడో రోజు పొద్దు పొడిచే వేళకు ఇసుక సిరివాక పొలిమేర కనిపించింది. ఓబళుడికి మాత్రం ఊరి కంటే ముందు విజయార్కుడి గుర్రం తోక కనిపించింది. రెండు రోజులుగా అతని కళ్ళ ముందు ఊగుతున్నది ఆ తోకే. పాలనురుగులాంటి తెల్లటి తోక, దానికి ముత్యాల జల్లులు. ఓబళుడు ఎక్కింది రాళ్ళు మోసే కంచరగాడిద. దాని తోక సంగతి చెప్పుకోకపోవడమే మర్యాద.

ఓబళుడు కొండ సిరివాకలో రాతిపనివాడి కొడుకు. విజయార్కుడు రేవు సిరివాక యువరాజు. తమ ఊరి పేరే పక్క ఊరికీ ఉండడం ఆ రెండు ఊళ్ళకూ నూరేళ్ళుగా కడుపుమంట. ఇద్దరి మనసూ ఒకే పిల్ల మీద పడడం ఓబళుడి సొంత కడుపుమంట. ఆ పిల్ల కుందవల్లి. కొండ సిరివాక దొర కూతురు, ఓబళుడికి మేనమామ బిడ్డ. పుట్టినప్పటి నుంచి "బావా" అని పిలిచిన పిల్ల.

మేఘశృంగమనే పర్వతం గుహలో సిరివాక అనే యేరు పుడుతుంది. పుట్టినచోట నీలాలు పరిచిన నేల మీద జారే స్ఫటిక ధార అది. ఆ గుహ వాకిట్లోనే కొండ సిరివాక. అక్కడి నుంచి యేరు సంపెంగ వనాలు దాటి, ఏడు బండల మీదుగా ఏడుసార్లు దూకి, నెమళ్ళు నీళ్ళు తాగే మైదానంలో రెండు పాయలవుతుంది. పెద్ద పాయ పడమటి సముద్రంలో కలిసే చోట రేవు సిరివాక. పగడపు రంగు మేడలు, ఆకాశాన్ని కప్పేసే తెరచాపలు, గాలి నిండా మిరియాల ఘాటు. చిన్న పాయ తూర్పున ఎడారిలోకి పోయి ఇసుకలో ఇంకిపోతుంది. ఇంకిన చోట ఇసుక సిరివాక. మాదే అసలు సిరివాక, తక్కిన రెండూ మా పేరెత్తుకుపోయాయని కొండవాళ్ళంటారు. కాదు మాదేనని రేవువాళ్ళంటారు. ఇసుకవాళ్ళు ఏమంటారో ఎవరూ అడగలేదు.

రెండు రోజుల కిందట విజయార్కుడు కుందవల్లిని చేసుకుంటానని పల్లకీలతో, బూరలతో కొండకు వచ్చాడు. ముహూర్తం కోసం పొలిమేర బయట ఆగాడు. ఓబళుడు ఆ బూరల మోత వినలేక రాతిగనికి పోయి, పొలిమేర బయటే, మూతి ముడుచుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే ఘూకాక్షుడనే మాంత్రికుడు దిగాడు. యేరు పుట్టే గుహను తన తపస్సుకు ఇమ్మన్నాడు. ఊరు ఇవ్వనంది. వాడు పిడికెడు బూడిద చల్లాడు. ఊళ్ళో ఉన్నవాళ్ళందరి పాదాలూ రాళ్ళయి నేలకు అతుక్కున్నాయి. ఆ రాయి మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది.

"మూడో నాటి పొద్దు గుంకేసరికి నడినెత్తి దాకా రాయవుతారు," అన్నాడు ఘూకాక్షుడు. "విరుగుడు కూడా చెబుతాను, వినండి. మూడు సిరివాకల బొడ్రాళ్ళూ ఒకే రాతి ముక్కలు. మూడూ తిరిగి ఒకటిగా అతికితే నా మంత్రం పోతుంది. శత్రువులకు విరుగుడెందుకు చెబుతున్నానంటారా? మీ మూడూళ్ళవాళ్ళూ ఒకరి పచ్చ ఒకరు చూడలేరు. చెబితే నాకొచ్చే నష్టమేముంది?"

బొడ్రాయంటే ఊరు పుట్టిన నాడు నడిబొడ్డున పాతే రాయి. దాని పక్కనే హారతి పళ్ళెంతో నిలబడి ఉంది కుందవల్లి. చీలమండలు రాయవుతుంటే ఆమె గట్టిగా అరిచింది: "యువరాజా, బావా, ఇద్దరూ కలిసి వెళ్ళండి." యువరాజు ముందు, బావ వెనక. ఊరు ఊరంతా రాయవుతుంటే మన ఓబళుడు పట్టించుకున్నది ఆ వరస. అది అతని గుండెలో ముల్లులా దిగిపోయింది.

పల్లకీలవాళ్ళు, బూరలవాళ్ళు అప్పటికే పరారు. మిగిలింది వీళ్ళిద్దరే. మొదటి రోజు రేవుకు పోయి అక్కడి ముక్కను తెచ్చారు. దానికి బంగారు తొడుగు తొడిగి ఉంది. పట్టుగుడ్డలో చుట్టి విజయార్కుడు జీనుకు కట్టుకున్నాడు. రెండో రోజంతా మైదానంలో స్వారీ, రాత్రి ఎడారి. ఇదిగో, ఇప్పుడు ఇసుక సిరివాక.

కొండవాడన్నా రేవువాడన్నా ఇక్కడ రాళ్ళు రువ్వుతారని విన్నారు కనుక గాజులమ్మే సెట్ల వేషం వేశారు. ఆ వేషం కూడా విజయార్కుడికే బాగా నప్పిందని ఓబళుడు గమనించకపోలేదు. పొలిమేర రాయి దగ్గర ఇద్దరూ దిగారు. దిగీ దిగగానే ఇద్దరూ ఎడమకాలి చెప్పు విడిచి, ఆ కాలితో నేలను మూడుసార్లు తట్టారు. తట్టి, ఒకరినొకరు చూసుకుని నిలబడిపోయారు.

"నేల కింద యేరు మేలుకుంటుందని అలా తట్టడం మా ఊరి ఆచారం," అన్నాడు ఓబళుడు.

"మా ఊరిది," అన్నాడు విజయార్కుడు. "మీవాళ్ళు చూసి నేర్చుకుని ఉంటారు."

"మేమా? మీ దగ్గరా?"

"చాల్లే నాయనా, గొంతులు తగ్గించండి," అంది వెనక నుంచి ఎవరో. ఊటబావి గట్టు మీద ఒక ముసలమ్మ కూర్చుని బొంత కుట్టుకుంటోంది. "లోకంలో ఎడమ చెప్పు ఇప్పి నేల తట్టేది మూడూళ్ళోళ్ళే. మా ఊరోళ్ళు అందరూ నాకెరికే. ఇంక మిగిలింది కొండ, రేవు. గాజులమ్మే మొగాలేనా మీవి? ఆ పిల్లోడి చేతులు చూడు, ఉలి పట్టీ పట్టీ కాయలు కాసినాయి."

ఆమె పేరు సింగమ్మ. ఆ ఊరి బొడ్రాయికి పూజ చేసేది ఆమే, తీర్పు చెప్పేది ఆమే. వేషం బయటపడ్డాక ఇక దాచేదేముంది? ఇద్దరూ జరిగిందంతా చెప్పారు. ఒకరు మొదలుపెడితే రెండోవాడు మాట అందుకుని, ఒకరినొకరు తోసుకుంటూ చెప్పారు. ఆమె సూది బొంతకు గుచ్చి లేచింది.

"తల్లి రాయికి కష్టమొస్తే మా ముక్క మీదే. తీసకపోండి. నేనూ వస్తా."

"తల్లి ఊరు ఏదవ్వా?" ఇద్దరూ ఒక్కసారే అడిగారు, మెడలు చాచి.

"ఇంతసేపూ ఊళ్ళో మడుసులు రాళ్ళయిపోతున్నారని చెప్తిరి. ఇప్పుడు అదా మీకు కావాల్సింది?" సింగమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "రాయి కాడికి పోతే రాయే చెప్తాది. పదండి."

ఇసుకవాళ్ళ ముక్క కొబ్బరికాయంత. దానికి తొడుగు లేదు, నగిషీ లేదు. పసుపు, కుంకుమ, అంతే. సింగమ్మ దాన్ని కొంగున కట్టుకుంది. తాటాకు బుట్ట ఒకటి నెత్తిన పెట్టుకుంది. అందులో ఏముందని అడిగితే చెప్పలేదు, ముట్టుకోబోతే చేతి మీద కొట్టింది. ఆమెను కంచరగాడిద ఎక్కించి ఓబళుడు ముందు నడిచాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే ఎడారి దాటారు. ఏడో బండ దగ్గర లోయ మీద తీగల వంతెన ఉంది. ఆ వంతెన మధ్యకు చేరేసరికి ఎండ మాయమైంది. తలెత్తి చూస్తే రెండు గుడ్లగూబలు. ఒక్కొక్కటీ ఏనుగంత. పగటిపూట ఆ జాతికి చూపు ఆనదు కదా అనుకోవద్దు. వాటి కళ్ళకు మంత్రపు కాటుక పెట్టి మరీ పంపాడు ఘూకాక్షుడు. మొదటిది రివ్వున దిగి ఓబళుడి ఎడమ చేతిని గోళ్ళతో పట్టి పైకి లేపింది. వంతెన కాళ్ళ కింద నుంచి జారిపోయింది. కింద మూడు తాడిచెట్ల లోతున యేరు నురగలు కక్కుతోంది.

విజయార్కుడు గుర్రం వీపు మీద నిలబడి ఎగిరాడు. ఒంటి చేత్తో ఓబళుడి జుట్టుముడి దొరకబుచ్చుకున్నాడు, రెండో చేత్తో కత్తివేటు వేశాడు. గుడ్లగూబ కాలు తెగి కీచుమంటూ పారిపోయింది. ఇద్దరూ వంతెన మీద ధబ్బున పడ్డారు. ఓబళుడి ఎడమ అరచెయ్యి చీలిపోయి వేళ్ళు వేలాడుతున్నాయి. ప్రాణం దక్కినందుకు సంతోషించాలి కదా? అతనికి ఏడుపొచ్చింది. ఇంకెవరు కాపాడినా బాగుండేది. దారిన పోయే దానయ్య కాపాడినా దండం పెట్టేవాడు. ఈ మనిషే కాపాడాలా?

ఏడవడానికి వ్యవధి లేకపోయింది. రెండోది సింగమ్మ మీదికి దూసుకొస్తోంది. ఓబళుడు కుడి చేత్తో గాజుల మూట విప్పి గాలిలోకి విసిరాడు. వందల గాజులు ఎండలో ఒక్కసారిగా తళుక్కుమన్నాయి. కాటుక కళ్ళు జిగేలుమని ఆ పక్షి దారి తప్పి కొండచరియకు గుద్దుకుని లోయలో పడింది. ఆ చప్పుడుకు బెదిరిన తెల్ల గుర్రం ముత్యాల జల్లులతో సహా అడవిలోకి పారిపోయింది. జీను మీద ముక్కను మాత్రం విజయార్కుడు ముందే లాక్కున్నాడు.

"భలే ఆలోచన," అన్నాడు విజయార్కుడు రొప్పుతూ.

ఓబళుడు పైగుడ్డ చించి అరచేతికి చుట్టుకున్నాడు. ఇక నుంచి యువరాజు కూడా కాలినడకనే రావాలి కదా అని లోపల చిన్నగా సంతోషించాడు. సంతోషించినందుకు సిగ్గుపడ్డాడు కూడా. రెండూ జరిగాయి, ఒకటి దాచి ఒకటి చెప్పడం నాకు చేతకాదు.

కొండ సిరివాక చేరేసరికి పొద్దు పడమట బారెడు ఎత్తున ఉంది. ఊరు ఊరంతా శిల్పశాలలా ఉంది. కడవ ఎత్తుకున్న ఇల్లాలు, జాడీ దించుతున్న కుమ్మరి, ఈటెకు ఆనుకుని ఆగిపోయిన కాపలావాడు, అందరూ మెడల దాకా నల్లరాతి బొమ్మలు. ముఖాలు మాత్రం మిగిలాయి. కుందవల్లికి గొంతు దాకా రాయి వచ్చింది. చేతిలో హారతి పళ్ళెం కూడా రాయే.

"వచ్చారా," అంది. మాట సన్నగా వచ్చింది. "చెయ్యేమైంది బావా?"

ఆ ఒక్క మాటకే ఓబళుడి ప్రాణం లేచొచ్చింది. బావ ముందు, యువరాజు అసలు లేడు. కానీ ఆ ఆనందం నిలవలేదు. సింగమ్మ కొంగు విప్పి తన ముక్కను బొడ్రాయికి ఆనించింది. అది జారిపోయింది. తిప్పి పెట్టింది. జారిపోయింది. బొడ్రాయి అద్దంలా నున్నగా, నాలుగు పలకలుగా, ఎక్కడా చిన్న గంటు లేకుండా మెరుస్తోంది.

"ఇదేంది?" అంది సింగమ్మ. "తల్లి రాయికి రెండు దెబ్బలుండాల. ముక్కలు ఊడొచ్చిన చోట్లు యాడికి పోయినాయి?"

ఓబళుడికి తెలుసు. ఎందుకు పోయాయో లోకంలో అతనొక్కడికే తెలుసు, అవి ముక్కల చోట్లని మాత్రం ఇప్పుడే తెలిసింది. నిరుడు జాతరకు వచ్చిన విజయార్కుడు బొడ్రాయిని చూసి, మీ రాయికి పళ్ళూడిపోయాయే అని నవ్వాడు. పక్కనే ఉన్న కుందవల్లి కూడా నవ్వింది. ఓబళుడు ఆ నవ్వును ఇంటికి మోసుకుపోయాడు. మర్నాటి నుంచి మూడు రోజులు చుట్టూ పరదాలు కట్టి, ఆ గంటులు కనబడకుండా రాయినంతా వాటి లోతు దాకా చెక్కేశాడు, నూరి మెరుగు పెట్టాడు. రాయి సగానికి సగం చిక్కిపోయింది. పరదా తీస్తే ఊరంతా మెచ్చుకుంది. దొర భుజం తట్టాడు. తల్లి రాయి తల్లి అని చెప్పే గుర్తులు రెండే రెండు. ఆ రెండింటినీ తన చేత్తోనే చెరిపేశాడు.

"నేనే చెక్కాను," అన్నాడు. "యువరాజు నవ్వాడని. నువ్వు కూడా నవ్వావని. ఓర్వలేక చెక్కాను, కుందవల్లీ. ఊరి కోసమని పైకి చెప్పాను గానీ, ఓర్వలేకే."

కుందవల్లి కళ్ళు మూసుకుంది. "అంత బాగా చెక్కావని నేను కూడా పొగిడాను కదా బావా," అంది. తిట్టినా బాగుండేది.

విజయార్కుడు నవ్వుతాడని ఓబళుడు ఎదురుచూశాడు. అతను నవ్వలేదు. పట్టుగుడ్డ విప్పి, కత్తిమొనతో బంగారు తొడుగు ఒలిచాడు. లోపల రాయి గుండ్రంగా, నున్నగా ఉంది. "ఇది ముక్క అని నలుగురూ అంటుంటే నాకు తలకొట్టేసినట్టుండేది," అన్నాడు తల దించుకుని. "మీది నిలువెత్తు రాయి, మాది ముక్క. అందుకే విరిగిన పక్క అరగదీయించి తొడుగు వేయించాను. నేను కూడా నీలాంటివాణ్ణే."

సింగమ్మ ఇద్దరినీ చూసి, నెత్తి మీది బుట్ట దించింది. తాటాకులు తీసింది. లోపల ఎర్రమట్టితో చేసిన రాయి. జానెడెత్తు, నాలుగు పలకలు, తూర్పున ఒక గంటు, పడమట ఒక గంటు.

"ఏటా ఏరువాక నాడు మా ఆడోళ్ళు తల్లి రాయిని మట్టితో చేస్తారు. మా అమ్మ చేసినట్టు నేను, నేను చేసినట్టు నా కోడలు. పుట్టింటి గుమ్మం ఎట్టుంటాదో ఆడబిడ్డకు గుర్తుండదా?" తూర్పు గంటు మీద వేలు పెట్టింది. "ఇది ఇసుకకు పోయిన ఆడబిడ్డ పట్టకపోయిన ముక్కది." వేలు పడమటికి జరిగింది. "ఇది రేవుకు పోయిన చిన్నకొడుకుది. పెద్దకొడుకు ఈడనే ఉండి దొర అయినాడు. ఇది చేసేటప్పుడు మేము ఆ పేర్లు చెప్పుకుంటూ చేస్తాం."

విజయార్కుడి ముఖం పాలిపోయింది. పెద్దకొడుకు వంశం కుందవల్లిది, చిన్నకొడుకు వంశం తనది. ఎన్ని తరాలు గడిచినా అన్నదమ్ముల బిడ్డలు అన్నాచెల్లెళ్ళే. పల్లకీలతో, బూరలతో వచ్చింది చెల్లెలి వరసైన పిల్ల కోసం.

మూడు రోజులుగా ఓబళుడు కోరుకున్నది ఇదే. దక్కిన క్షణాన యువరాజు ముఖం చూస్తే సంతోషం రాలేదు. పైగా కొత్త భయం పుట్టింది. ఎందుకంటే చేయాల్సిన పని ఒక్కటే మిగిలింది. మట్టి రాయిని చూసుకుంటూ, సరిగ్గా ఆ చోట్లలో మళ్ళీ గంటులు కొట్టి ముక్కలు దిగేయాలి. తాను చెక్కీ చెక్కీ పల్చన చేసిన రాయి అది. ఉలి వెంట్రుకవాసి జరిగితే రాయి నిలువునా చీలుతుంది. చీలితే ఊరి ప్రాణం పోయినట్టే. ఓబళుడికి ఉలి పట్టే ఎడమ చెయ్యి లేదు. ఉలి ఇంకొకరు పట్టాలి. సింగమ్మ పిడికిలికి అంత పట్టు లేదు. ఇక ఉన్నది ఎవరు?

"ఇలా తే," అన్నాడు విజయార్కుడు. ఉలి అందుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

తూర్పు గంటు మొదలైంది. ఓబళుడు కొలత చెప్పాడు, యువరాజు ఉలి ఆనించాడు, సుత్తి పడింది. రవ్వలు లేచాయి. పది దెబ్బలు, ఇరవై దెబ్బలు. సింగమ్మ కొంగుతో పొడి తుడిచి తన ముక్కను ఆనించింది. ఈసారి అది జారలేదు. చంటిబిడ్డ తల్లి చంకలో సర్దుకున్నట్టు సర్దుకుంది. నేల కింద ఎక్కడో యేటి చప్పుడు వినిపించింది. కుందవల్లి గడ్డం అంచున రాయి కాసేపు ఆగింది.

ఉలి పడమటి గంటు మీదికి జరిగేసరికి పొద్దు కొండ అంచును తాకింది. గుహ కప్పు మీద నుంచి నల్లటి నీడ ఒకటి బొడ్రాయి మీదికి సాగింది. ఘూకాక్షుడు తొందరపడకుండా ఒక్కో బండ మీద కాలు పెడుతూ దిగి వస్తున్నాడు.

"యువరాజా," అన్నాడు ఎంతో ప్రేమగా. "నీకు దక్కని పిల్ల ఆ రాళ్ళు కొట్టేవాడికి ఎందుకు దక్కాలి? నువ్వేమీ చేయనక్కర్లేదు. ఆ ఉలిని గోరంత పక్కకు జరుపు, చాలు. చెయ్యి వణికిందంటే ఎవరైనా నమ్ముతారు."

ఉలి నిజంగానే వణికింది. ఓబళుడు అది చూశాడు. విజయార్కుడి కళ్ళలో ఉన్నది కూడా చూశాడు. దాన్ని గుర్తుపట్టడానికి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడు రోజులుగా తన కడుపులో కూర్చుని ఉన్నదే అది. ఇప్పుడు చోటు మార్చింది. సుత్తి ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఈ మనిషిని నమ్మి కొట్టాలా? కొట్టకపోతే పొద్దు ఆగుతుందా?

సగం పొద్దు మునిగింది, గంటుకు ఇంకా ఒక్క దెబ్బ మిగిలింది. కుందవల్లి పెదవుల దాకా రాయి పాకింది. ఆమె ఇక ఎవరి పేరూ ముందు పిలవలేదు, వెనకా పిలవలేదు. ఇద్దరినీ చూస్తోంది, అంతే.

విజయార్కుడు రెండో చెయ్యి కూడా ఉలి మీద వేసి బిగించాడు. వణుకు ఆగింది. రెండు చేతులూ సుత్తి కిందే ఉన్నాయి.

"నా చెల్లెలి ఊపిరి ఆగిపోయేలా ఉంది," అన్నాడు తలెత్తకుండా. "కొట్టు బావా."

మూడు రోజుల్లో మొదటిసారి ఓబళుడు యువరాజు వంక చూడలేదు. ఉలి తల ఒక్కటే చూసుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. రాయి చీలలేదు; నేల కింద యేటి చప్పుడు మళ్ళీ లేచింది.